రోజూ నర్సంపేట దాకా 80 కిలోమీటర్లు, ఇంట్లో మోకాలి ఆపరేషన్ అయిన బాపు: చూడ్డానికి అందంగా ఉండే చిన్న కారు ఏది తీసుకోవాలి?

గిర్నిబావి_దారి (హన్మకొండ)

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఉంటాను, నర్సంపేట దగ్గర కాలేజీలో పాఠాలు చెప్తాను. పోనూ రానూ రోజుకు 80 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ స్కూటీ బస్టాండ్‌లో పెట్టి బస్సెక్కేదాన్ని. పోయినేడాది మా బాపుకు ఎడమ మోకాలు మార్చారు, నెలకు రెండుసార్లు ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఎప్పుడైనా పరకాల అవతల మా ఊరికి కూడా. వాకర్ వెంట ఉండాల్సిందే. ఆటోలో ఎక్కించి దించేటప్పుడు ఆయన పళ్లు బిగబట్టుకోవడం చూడలేక ఇక కారు కొందామని నిర్ణయించుకున్నాను.

బడ్జెట్ ఆన్ రోడ్, అంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి, పది లక్షల లోపు. స్విఫ్ట్, ఐ20, ఆల్ట్రోజ్, బలేనో చూస్తున్నాను. ఇంట్లో వాళ్లు, చుట్టాలు అందరూ "ఇంకో రెండు లక్షలు వేసి పెద్ద బండి తీసుకో" అంటున్నారు. మా గల్లీలో పెద్ద బండి మలపాలంటే ఎదురింటాయన స్కూటర్ తీయాలి. అదీ కాక నాకు చిన్న కార్లే ఇష్టం. 2005లో మొదటి స్విఫ్ట్ వచ్చినప్పుడు నేను ఇంటర్. హన్మకొండ చౌరస్తాలో ఎర్రది ఒకటి ఆగి ఉంటే బస్సు పోతున్నా చూస్తూ నిలబడ్డాను. పదేళ్లు నడపబోయే బండి చూడగానే నచ్చాలని అనుకోవడం తప్పు కాదనే నా ఉద్దేశం.

సమస్య ఏంటంటే నిన్న ఒక కారు టెస్ట్ డ్రైవ్ చేశాం. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కారుదో కాదో నాకు తెలియదు. బాపు వెనక కూర్చున్నారు. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ దబ్బుమని తగిలింది, ఆయన పై హ్యాండిల్ వదల్లేదు. చిన్న కార్లన్నీ ఇంతేనా?

పోచమ్మమైదాన్_గ్యారేజ్ (వరంగల్)

చెల్లె, ముందు ఒక్క మాట చెప్పు. టెస్ట్ డ్రైవ్‌కు ముందు టైర్లలో గాలి ఎంత ఉందో చూశారా?

గిర్నిబావి_దారి

లేదన్నా. అది చూడాలని తెలియదు.

పోచమ్మమైదాన్_గ్యారేజ్

అక్కడే ఉంది సగం విషయం. కొత్త బండ్లు ఫ్యాక్టరీ నుంచి లారీ మీద వస్తాయి, తర్వాత యార్డులో రోజుల తరబడి కదలకుండా నిలబడతాయి. అందుకని టైరు ఒకచోట అణిగిపోకుండా గాలి ఎక్కువ పెట్టి పంపుతారు. డెలివరీకి ముందు దాన్ని సరిచేయాలి, టెస్ట్ డ్రైవ్ బండికి చాలాసార్లు ఎవరూ చేయరు. నలభై దాటి గాలి ఉన్న టైరు గట్టి కర్రలాగా ఉంటుంది, ఎంత మంచి సస్పెన్షన్ అయినా ఏం చేస్తుంది? డ్రైవర్ డోర్ తీస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఇద్దరు కూర్చుంటే ఎంత, నిండుగా కూర్చుంటే ఎంత అని రాసి ఉంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ అంకెకు తెప్పించి అప్పుడు నడపండి. నా షాపుకు "బండి ఎగిరి పడుతోంది, షాకప్స్ మార్చు" అని వచ్చేవాళ్లలో చాలామందికి నేను మార్చేది గాలి ఒక్కటే.

చెల్పూర్_థర్మల్ (భూపాలపల్లి)

గ్యారేజ్ అన్న చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. టైరు పక్క గోడ ఎత్తు చూడండి అక్కా. టైరు మీద 195/55 ఆర్16 అని ఉంటే, 195 మిల్లీమీటర్ల వెడల్పులో 55 శాతం, అంటే దాదాపు 107 మిల్లీమీటర్లు గోడ ఎత్తు. ఐ20, బలేనో పై వేరియంట్లలో ఈ సైజే వస్తుంది. స్విఫ్ట్ పై వేరియంట్లలో 185/65 ఆర్15, అంటే 120. అదే స్విఫ్ట్ కింది వేరియంట్లలో 165/80 ఆర్14, అంటే 132. గుంత తగిలినప్పుడు మొదట దెబ్బ తీసుకునేది ఈ రబ్బరు గోడే. 16 అంగుళాల అల్లాయ్ వీల్ చూడ్డానికి ఎంత బాగుంటుందో నాకూ తెలుసు, నేనూ దానికే పడిపోయాను. కానీ మా భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగి చెడగొట్టిన రోడ్డు మీద రెండు రిమ్ములు వంగాక 14 అంగుళాల విలువ తెలిసింది. మార్చేటప్పుడు కూడా ఒక్కో టైరుకు రెండు మూడు వేల తేడా వస్తుంది, నాలుగు టైర్లకు లెక్క వేసుకోండి.

ఇంకోటి, బొగ్గు దుమ్ము, క్వారీ దుమ్ము ఉన్న దారిలో తిరిగితే ఏసీ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ బుక్‌లో రాసిన గడువు దాకా ఆగవద్దు. నేను ప్రతి ఐదు వేల కిలోమీటర్లకు బయటికి తీసి దులుపుతాను. ఏసీ ఫిల్టర్ డ్యాష్‌బోర్డు డబ్బా వెనకే ఉంటుంది, పది నిమిషాల పని. మొదటిసారి తీసినప్పుడు తెల్లగా ఉండాల్సింది బొగ్గు రంగులో వచ్చింది. ఏసీ గాలి తగ్గిందని గ్యాస్ నింపించుకునేవాళ్లు ముందు ఇది చూడాలి.

మంచిర్యాల_కుర్రాడు

అక్కా స్విఫ్ట్ తీసుకోండి, ఆలోచించకండి. 2024 మేలో వచ్చిన నాలుగో తరం నడిపాను, సిటీలో సందుల్లో సూదిలా దూరుతుంది. స్టీరింగ్ తేలిక, క్లచ్ వెన్నలా ఉంటుంది. కింది వేరియంట్ కొని బయట 17 అంగుళాల అల్లాయ్స్ వేయించుకుంటే ఆ లుక్కే వేరు.

పోచమ్మమైదాన్_గ్యారేజ్

తమ్మీ, స్విఫ్ట్ గురించి చెప్పింది నిజం. అల్లాయ్స్ సంగతి మాత్రం ఆమెకు చెప్పకు. పెద్ద రిమ్ము వేస్తే గోడ ఇంకా సన్నబడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ పడుతుంది, వీల్ బేరింగ్ తొందరగా పోతుంది, రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట అడిగేది అదే. ఆమె వెంట మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నాడు.

మంచిర్యాల_కుర్రాడు

సరే అన్నా, ఆ సంగతి మరిచిపోయాను. అల్లాయ్స్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

కరీంనగర్_నీలం_ఆల్ట్రోజ్

మాది ఆల్ట్రోజ్, నాలుగేళ్లుగా నడుపుతున్నాను. మీ బాపు సంగతి చదివాక తప్పకుండా రాయాలనిపించింది, మా అమ్మకూ మోకాళ్లే. ఈ కారు డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. చాలా కార్లలో డోర్ డెబ్బై దగ్గర ఆగిపోతుంది, మోకాలు పూర్తిగా మడవలేనివాళ్లకు ఆ మిగిలిన జానెడు సందే ముఖ్యం. మా అమ్మ ముందు వీపు లోపలికి పెట్టి కూర్చుంటుంది, తర్వాత రెండు కాళ్లూ కలిపి తిప్పుతుంది. డోర్ పూర్తిగా తెరుచుకోకపోతే ఆ తిప్పేటప్పుడు పాదం వెళ్లి డోర్‌కు కొట్టుకుంటుంది.

భద్రత కూడా చూడండి. కార్లను గుద్దించి చూసే పరీక్షల్లో, 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్, 2025లో కొత్త రూపం వచ్చాక భారత్ ఎన్‌క్యాప్‌లో కూడా 5 స్టార్. మీ నర్సంపేట రోడ్డు నాకు తెలుసు. పంట కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టర్ మన ముందు ఎప్పుడు తగులుతుందో తెలియదు. రోజూ ఆ దారిలో పోయే మనిషికి నేను మొదట చెప్పేది ఇదే.

గిర్నిబావి_దారి

మక్కల సంగతి బస్సులో కూర్చుని ఎన్నిసార్లు చూశానో. నేనే నడపాలంటే ఎలా ఉంటుందో ఇప్పటిదాకా ఆలోచించలేదు. ధన్యవాదాలన్నా.

ఖర్చు లెక్క ఎవరైనా చెప్పగలరా? షోరూం వాళ్లు ఇచ్చిన కాగితం మీద 11 లైన్లు ఉన్నాయి, సగం అర్థం కాలేదు.

జనగామ_లెక్కలు

ఆ కాగితం నేను చెప్తాను, నా పనే అది. ఎక్స్ షోరూం, అంటే రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, 8 లక్షలు అనుకుందాం. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లోపు ఉన్న కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. ఆ తగ్గింపు ఎక్స్ షోరూం ధరలోనే కలిసి ఉంటుంది, దాన్ని విడిగా "ఆఫర్" అని చూపిస్తే నమ్మకండి.

తర్వాత లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్. మన తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు 14 శాతం. 8 లక్షలకు 1,12,000. పది లక్షలు దాటితే శ్లాబ్ మారి ఇంకా పెరుగుతుంది, అందుకే 9.95 లక్షల వేరియంట్‌కు, 10.10 లక్షల వేరియంట్‌కు ఆన్ రోడ్‌లో తేడా మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే ఇంకో 2 శాతం.

ఇన్సూరెన్స్‌లో రెండు ముక్కలుంటాయి. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానిది, కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి. 2022లో పెట్టిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు 10,640, వెయ్యి సీసీ లోపుకు 6,521, మీద జీఎస్టీ. ఇది ఎక్కడ తీసుకున్నా ఒకటే. మీ సొంత బండికి రక్షణ ఇచ్చే రెండో ముక్కలోనే షోరూంకూ బయటికీ తేడా వస్తుంది. నేను నా కారుకు బయట కొటేషన్ తెచ్చి ముందు పెడితే షోరూం వాళ్లు అక్కడికక్కడే తొమ్మిది వేలు తగ్గించారు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలని బలవంతం లేదు.

"హ్యాండ్లింగ్ ఛార్జీలు", "లాజిస్టిక్స్", "ఎసెన్షియల్ కిట్" అనే లైన్లు ఉంటే కొట్టేయమనండి. నేను గట్టిగా అడిగితే తీసేశారు, అడగనివాళ్లు కట్టేస్తున్నారు.

లోన్ తీసుకుంటే ఏడేళ్లకు పోవద్దు. 6 లక్షలు 9 శాతానికి ఐదేళ్లయితే నెలకు 12,455, ఏడేళ్లయితే 9,653. నెలకు 2,800 తగ్గిందని సంతోషపడతాం, చివరికి వడ్డీ మాత్రం 63 వేల పైచిలుకు ఎక్కువ కడతాం.

పోచమ్మమైదాన్_గ్యారేజ్

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ (పాలసీ మీద అదనంగా తీసుకునేది) వదలకండి. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో అందరం చూశాం. తర్వాత వారం నా షాపు ముందు కార్లు వరసగా నిలబడ్డాయి. ఒకాయన బండి బానెట్ అంచు దాకా మునిగింది, నీళ్లు తీశాక "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పాడు. ఇంజిన్ లోపలికి నీళ్లు పోయి ఉన్నాయి, నీళ్లు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. విప్పి ఆయన చేతిలో పెట్టాను, అరటికాయలా ఉంది. మామూలు పాలసీలో ఇట్లాంటిది రాదు, ఆ యాడ్ ఆన్ ఉంటేనే వస్తుంది. బండి మునిగితే తాళం ముట్టుకోవద్దు, బ్యాటరీ వైరు తీసి టోయింగ్ వాళ్లను పిలవండి. ఈ ఒక్క మాట ఈ చర్చ చదివే ప్రతి ఒక్కరూ ఇంట్లో చెప్పండి.

సుబేదారి_ఈవీ

అక్కా, రోజుకు 80 కిలోమీటర్లంటే మీకు కరెంటు కారే సరైనది. నాది టియాగో ఈవీ, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఎండాకాలం ఏసీ వేసుకుని కూడా 170, 180 వస్తోంది. గేర్లు లేవు, క్లచ్ లేదు, ఎంజీఎం ఆస్పత్రి దగ్గర ట్రాఫిక్‌లో కాలు నొప్పి లేదు. ఈవీలకు తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జనగామ అన్న చెప్పిన 1,12,000 మీకు మిగులుతుంది.

గిర్నిబావి_దారి

ఇది నేనూ ఆశపడ్డానన్నా. మాది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. కింద చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటాను, ఖర్చు నాదే అన్నా ఓనర్ ఒప్పుకోలేదు. కాలేజీలో అడిగితే పర్మిషన్ రావడానికి టైం పడుతుందన్నారు.

సుబేదారి_ఈవీ

ఇంటి దగ్గర చార్జింగ్ లేకపోతే నేనూ వద్దనే చెప్తాను. రోజూ బయట ఫాస్ట్ చార్జర్ వెతుక్కుంటూ తిరగడం టెన్షన్, ఖర్చు కూడా పెరుగుతుంది. అయితే సీఎన్జీ ఆలోచించండి.

చెల్పూర్_థర్మల్

అవును, నెలకు 22 రోజులు లెక్కేసినా 1,760 కిలోమీటర్లు. పెట్రోల్ బండి నిజమైన మైలేజీ 19 అనుకుంటే 92 లీటర్లు, లీటరు 107 అనుకున్నా నెలకు 9,900. సీఎన్జీ బండి కిలోకు 27 ఇచ్చినా 65 కిలోలు చాలు. కంపెనీ లెక్కలో స్విఫ్ట్ పెట్రోల్ 24.8, సీఎన్జీ 32.85, రోడ్డు మీద అందులో నాలుగో వంతు దాకా తీసేసి చూసుకోవాలి. మీ బంకులో కిలో ధరతో గుణించుకోండి, తేడా మీకే కనిపిస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. పికప్ తగ్గుతుంది. స్విఫ్ట్‌నే చూడండి, పెట్రోల్ మీద 82 హార్స్‌పవర్ దాకా ఇచ్చే ఇంజిన్ సీఎన్జీ మీద 70 దగ్గరికి దిగుతుంది, లారీని దాటేటప్పుడు ఒక గేరు తగ్గించాల్సిందే. మూడేళ్లకోసారి సిలిండర్ హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష) చేయించాలి. బంకులో లైన్ ఉంటుంది. ఇక డిక్కీ. ఒకటే పెద్ద సిలిండర్ ఉంటే డిక్కీలో వాకర్ కాదు, కూరగాయల సంచీ కూడా కష్టం.

కరీంనగర్_నీలం_ఆల్ట్రోజ్

డిక్కీ కోసమే టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లు కింద పరిచారు, పైన 210 లీటర్ల జాగా మిగులుతుంది. పెట్రోల్ ఆల్ట్రోజ్‌లో 345 ఉండేది, అంత రాదు. మడిచిన వాకర్ పడుతుంది, మా అమ్మది నేనే పెట్టి చూశాను.

మంచిర్యాల_కుర్రాడు

రీసేల్ మాత్రం స్విఫ్ట్‌దే అక్కా. మా మామ ఎనిమిదేళ్ల బండి అమ్మితే వారం రోజుల్లో పోయింది.

పోచమ్మమైదాన్_గ్యారేజ్

అది నిజం, దాన్నీ ఖర్చు లెక్కలో వేసుకో చెల్లె. ఇంకో సంగతి అడుగుతా. బాపును వెనకే ఎందుకు కూర్చోబెడుతున్నావు? బండి వెనక చక్రాల మీద కూర్చున్నవాళ్లకే దెబ్బ ఎక్కువ. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వీపు కొంచెం వాల్చి కూర్చోబెట్టు. కాలు చాపుకోవచ్చు. వెనక మిగతావాళ్లు కూర్చుంటారు. రోజూ నడిపేది నువ్వు, నీ సీటు కూడా చూసుకో. గంటసేపు కూర్చుంటే తొడ కింద ఆనుతోందా, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మడమ నేలకు తాకుతోందా, బానెట్ అంచు కనిపిస్తోందా. మంచి ఏసీ గదిలో నిలబెట్టిన బండిలో రెండు నిమిషాలు కూర్చుంటే ఇవేమీ తెలియవు.

గిర్నిబావి_దారి

ముందు సీటు సంగతి మాకెవరికీ తట్టలేదన్నా. పెద్దవాళ్లంటే వెనకే కూర్చోబెట్టాలని అలవాటు. ఆదివారం మళ్లీ వెళ్తాను.

గిర్నిబావి_దారి

వచ్చాను. వివరంగా రాస్తున్నాను, నాలాంటివాళ్లు ఇంకెవరైనా చదువుతారని.

ముందుగా గాలి. మొన్న మేం నడిపిన కారుకే గేజ్ పెట్టి చూపించమన్నాను. 44 ఉంది. షోరూం అబ్బాయి కూడా ఆశ్చర్యపోయాడు. స్టిక్కర్ మీద ఉన్న అంకెకు దించి అదే గల్లీలో, అదే బ్రేకర్ మీద నడిపాను. ఇది అదే కారా అనిపించింది. దాని మీద ఉన్న కోపం పోయింది.

తర్వాత స్విఫ్ట్, ఆల్ట్రోజ్ రెండూ సీఎన్జీవే, నా రోడ్డు మీదే నడపాలని పట్టుబట్టాను. ధర్మారం దాటి మచ్చాపూర్ దాకా తీసుకుపోనిచ్చారు. నడపడానికి స్విఫ్టే తేలిక, అబద్ధం చెప్పను. స్టీరింగ్ పట్టుకుంటే ఇంటర్ అమ్మాయినైపోయాను. ఆల్ట్రోజ్ బరువుగా అనిపించింది, గేర్ మార్చడం అలవాటు కావాలి. కానీ గుంత తగిలినప్పుడు ఆ బరువే బాగుంది, ఒక్కసారి అణిగి ఆగిపోయింది.

బాపు దగ్గరికి వద్దాం. రెండింటిలోనూ ముందు సీటు వెనక్కి జరిపి ఎక్కించాం. స్విఫ్ట్‌లో కూర్చోవడం బాగానే కూర్చున్నారు, కాళ్లు లోపలికి తిప్పేటప్పుడు నేను చెప్పు విప్పాల్సి వచ్చింది. ఆల్ట్రోజ్‌లో డోర్ అంతా తెరుచుకోవడంతో మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని, నా చెయ్యి పట్టుకోకుండా తనే తిరిగారు. ఆపరేషన్ అయ్యాక ఎవరి సాయం లేకుండా బండి ఎక్కడం ఇదే మొదటిసారి. మచ్చాపూర్ నుంచి వెనక్కి తిరిగాక చూస్తే నిద్రపోతున్నారు. చెయ్యి ఒళ్లో ఉంది, పైన హ్యాండిల్ ఖాళీగా ఊగుతోంది.

ఆల్ట్రోజ్ సీఎన్జీ బుక్ చేశాను. ఎంబర్ గ్లో అని ఒక రంగు ఉంది, ఎరుపులో నిప్పు ఛాయ కలిసినట్టు. అది వచ్చే వేరియంటే తీసుకున్నాను. హ్యాండ్లింగ్ లైన్ కొట్టేయించాను, ఇంజిన్ ప్రొటెక్ట్ పెట్టించాను, లోన్ ఐదేళ్లే.

జనగామ_లెక్కలు

మంచి పని. ఫాస్టాగ్ సంగతి ఒకటి. హైదరాబాద్ తరచూ పోతారనుకుంటే సంవత్సరం పాస్ ఉంది, 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు 3,000కు 200 ట్రిప్పులు. జాతీయ రహదారి టోల్ గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు. మీకు హన్మకొండ నుంచి ఉప్పల్ పోవాలంటే కోమల్ల, గూడూరు రెండు గేట్లు, పోనూ రానూ నాలుగు. ఏడాదికి రెండు మూడుసార్లే పోతే అక్కర్లేదు.

కరీంనగర్_నీలం_ఆల్ట్రోజ్

చాలా సంతోషం అక్కా. ఫొటో పెట్టండి, ఆ రంగు నేనూ దగ్గర నుంచి చూడలేదు.

మంచిర్యాల_కుర్రాడు

స్విఫ్ట్ కాకపోయినా ఎరుపైతే వచ్చింది. శుభాకాంక్షలు అక్కా.

పోచమ్మమైదాన్_గ్యారేజ్

రిజిస్ట్రేషన్‌కు పంపకముందే బండి ఒకసారి చూసుకోవాలి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. తయారైన నెల చూడు, నాలుగు టైర్ల మీద తయారీ వారం చూడు, స్టెప్నీతో సహా. పెయింట్ ఎండలో చూడు, లోపల లైట్ల కింద గీతలు కనబడవు. డెలివరీ ఎప్పుడో చెప్పు చెల్లె, గేజ్ పట్టుకుని నేనే వస్తా.

గిర్నిబావి_దారి

వచ్చే శుక్రవారం అన్నా, పొద్దున పదింటికి. బాపు కూడా వస్తానంటున్నారు.